ఉద్యోగినులు – చనుబాలు, పంపింగ్

పనిలోకి వెళ్లిన తల్లి బిడ్డకు దూరంగా ఉన్న గంటల్లో తన పాలను చేత్తో గానీ పంపుతో గానీ తీసి, నిల్వచేసి, ఇంట్లోవాళ్ల చేత పట్టించడాన్ని వాడుకలో పంపింగ్ అంటున్నారు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టనక్కర్లేదని, ఆ తరవాత ఇతర ఆహారం అలవాటు చేస్తూ రెండేళ్లు, ఆపైన కూడా పాలివ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. మన దేశంలో మొదటి ఇద్దరు బిడ్డలకు ప్రసూతి సెలవు 26 వారాలు. కాగితం మీద రెండు లెక్కలూ సరిపోయాయి. కానీ ప్రసవానికి ముందే 8 వారాలు వాడుకుంటే మిగిలేది 18 వారాలే. బిడ్డకు నాలుగు నెలలు నిండగానే తల్లి ఆఫీసు మెట్లెక్కాలి. పంపింగ్ అవసరం ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది.

పాలు పడే తీరు

రొమ్ము ఎంత తరచుగా ఖాళీ అయితే పాలు అంత బాగా పడతాయి. బిడ్డ చీకినప్పుడు ప్రొలాక్టిన్ అనే హార్మోను పాలు తయారు చేయిస్తుంది, ఆక్సిటోసిన్ వాటిని చేపుకు తెస్తుంది. గంటల తరబడి తీయకుండా వదిలేస్తే ఉత్పత్తి తగ్గుతుంది. డ్యూటీలో చేరాక ‘పాలు ఎండిపోతున్నాయి’ అని దిగులుపడే తల్లుల్లో చాలామందికి అసలు కారణం తిండి చాలకపోవడం కాదు, పగలు రెండు మూడుసార్లు తీయాల్సింది ఒక్కసారితో సరిపెట్టడం. ఎంత ఖరీదైన పంపు కొన్నా ఆ లోటు పూడదు. హడావిడి, బెంగ చేపును ఆపేస్తాయి. మీటింగుకు ఐదు నిమిషాల ముందు గాభరాగా కూర్చున్నప్పుడు రాని పాలు, స్థిమితంగా బిడ్డ ఫొటో చూస్తూ కూర్చుంటే వస్తాయి.

తీసే పద్ధతి

ఇంచుమించు మూడు గంటలకోసారి తీయడం మంచిది. పంపు లేకపోయినా చెయ్యి చాలు. సబ్బుతో చేతులు కడుక్కుని, చనుమొన చుట్టూ ఉండే నల్లని భాగం అంచున బొటనవేలు పైన, చూపుడువేలు కింద ఉంచాలి. ముందు ఛాతీవైపు నొక్కి, ఆపైన వేళ్లను దగ్గరకు తెచ్చి వదలాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు. మొనను పట్టి లాగితే నొప్పి తప్ప పాలు రావు. మొదట చుక్కలు పడతాయి, చేపు రాగానే సన్నని ధారలు చిమ్ముతాయి. ధార తగ్గినప్పుడు వేళ్లను చుట్టూ జరుపుతూ పోవాలి. పంపు వాడేవారు గరాటు సైజు చూసుకోవాలి. మొన ఒరుసుకుంటున్నా, పుండు పడుతున్నా సైజు కుదరలేదన్నమాటే.

ఇంట్లో ఉన్నంతసేపు, ముఖ్యంగా రాత్రిళ్లూ సెలవు రోజుల్లోనూ, నేరుగా రొమ్ముకే పట్టాలి. రొమ్ములో గడ్డ కట్టి, ఎర్రబడి, జ్వరం వస్తే డాక్టరుకు చూపించుకోవాలి. అప్పుడు కూడా పాలు తీయడం మానకూడదు.

నిల్వ, పట్టడం

తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో ఆరు నెలలు బాగుంటాయి. మన ఎండాకాలంలో మొదటి లెక్కను మరిచిపోవడమే మేలు. తీసిన వెంటనే ఫ్రిజ్‌లోనో, ఐస్ ప్యాకులున్న సంచిలోనో పెట్టాలి. సంచిలో 24 గంటల దాకా ఉంటాయి. ఫ్రిజ్ తలుపు అరలో మాత్రం పెట్టకూడదు, తీసి వేసినప్పుడల్లా వేడి తగులుతుంది. సీసా మీద తేదీ, టైము రాయాలి.

ఆరు నెలల లోపు బిడ్డకు గంటకు సుమారు 30 మి.లీ. చొప్పున లెక్కేసుకోవచ్చు. తొమ్మిది గంటలు దూరంగా ఉంటే 270 మి.లీ. దగ్గర. చిన్న చిన్న సీసాల్లో 60 మి.లీ. చొప్పున పోసిపెడితే వృథా తక్కువ. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా ఉంచి వెచ్చబెట్టాలి, మైక్రోవేవ్‌లో కాదు. బిడ్డ తాగి వదిలేసినవి రెండు గంటలు దాటితే పారబోయాల్సిందే. పట్టడానికి పాలపీక కన్నా మన ఉగ్గుగిన్నె నయం. కడగడం తేలిక, బిడ్డ పీకకు అలవాటు పడి రొమ్ము వద్దనడం తక్కువ. నిల్వపాలు పడవని పెద్దవాళ్లు అభ్యంతరం చెబుతారు. గిన్నె, సీసా శుభ్రంగా లేకపోతే ఆ భయం నిజమే. ఉద్యోగంలో చేరడానికి రెండు వారాల ముందు నుంచే అమ్మమ్మో ఆయానో ఇలా పట్టడం మొదలుపెట్టాలి.

చట్టం

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం, బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇచ్చింది. 2017 సవరణ సెలవును 12 వారాల నుంచి 26కు పెంచి, 50 మంది, అంతకు పైబడి ఉన్న సంస్థల్లో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చని చెప్పింది. పాలు తీసుకోవడానికి విడిగా గది ఉండాలని మాత్రం అందులో లేదు. అందుకే పెద్ద కంపెనీల్లో కూడా కొందరు బాత్రూములో నిలబడి పాలు తీస్తున్నారు. తలుపుకు గడియ, ఒక కుర్చీ, ప్లగ్ పాయింటు ఉన్న చిన్న గది ఏ యాజమాన్యానికీ భారం కాదు. సెలవు పూర్తయ్యేలోపే దాన్ని రాతపూర్వకంగా అడగడం మంచిది.

పది మంది కన్నా తక్కువున్న దుకాణంలో పనిచేసే అమ్మాయికి, ఇళ్లలో పాచిపని చేసే ఆమెకు, మిరపకోతలకు వెళ్లే కూలీకి చట్టం ఇచ్చే సెలవూ విరామమూ అందడం లేదు.