ఐరన్‌టన్ టాంక్స్: ఒక నదీతీర పట్టణపు ఫుట్‌బాల్ జట్టు చరిత్ర (1919–1930)

మహానగరాల క్రీడాజట్ల చరిత్రను గ్రంథస్థం చేసేవారు ఎందరో ఉంటారు. చిన్న పట్టణాల జట్ల చరిత్ర మాత్రం ఆ ఊరి పెద్దల నోట కొంతకాలం నిలిచి, వారితోనే కనుమరుగవుతూ ఉంటుంది. అట్లు కనుమరుగు కాకుండా నిలిచిన ఒక జట్టు వృత్తాంతాన్ని పాఠకులకు అందించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ జట్టు పేరు ఐరన్‌టన్ టాంక్స్. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒహాయో రాష్ట్రపు దక్షిణ సరిహద్దున ఉన్న ఐరన్‌టన్ అనే పట్టణం దాని స్వస్థలం.

పట్టణ పరిచయం

ఐరన్‌టన్ పట్టణం ఒహాయో నదికి ఉత్తరపు గట్టున ఉన్నది. ఆవలి గట్టు కెంటకీ రాష్ట్రానిది. నదివెంట కొంత ఎగువకు వెళితే వెస్ట్ వర్జీనియా రాష్ట్రం ఆరంభమవుతుంది. అనగా మూడు రాష్ట్రాల ఎల్లలు కలిసే ప్రాంతమిది. నది ఎవరిదనే వివాదం ఒహాయో, కెంటకీల నడుమ చాలాకాలం నడిచింది. 1792 నాటి ఉత్తరపు గట్టు నీటిమట్టమే ఎల్ల అని ఆ దేశపు సుప్రీంకోర్టు 1980లో తీర్పు చెప్పింది. ఎల్లల తగాదాలు ఎంతకాలం సాగుతాయో మన సరిహద్దు గ్రామాల వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

పట్టణం పేరులోనే ఇనుము ఉన్నది. 1849లో ఇనుప కొలుముల యజమానులు కొందరు కలిసి దీనిని స్థాపించారు. వారిలో జాన్ క్యాంప్‌బెల్ ముఖ్యుడు. పందొమ్మిదవ శతాబ్దం ద్వితీయార్ధంలో ముడి ఇనుము ఉత్పత్తికి ఈ ప్రాంతం పేరుపొందింది. 1893 నాటి ఆర్థిక విపత్తు తరువాత ఆ వైభవం క్రమంగా తగ్గింది. 1920 జనగణన నాటికి పట్టణ జనాభా సుమారు 14 వేలు. మన లెక్కలో అది ఒక పెద్ద మండల కేంద్రమంత. 1922లో నదిపై వంతెన ఏర్పడి, ఆవలి గట్టున కెంటకీలో ఉన్న రస్సెల్ పట్టణంతో రాకపోకలు సులభమయినవి.

ఆట స్వరూపం

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే గుండ్రని బంతి జ్ఞాపకం వస్తుంది. అమెరికా వారి ఫుట్‌బాల్ వేరు. బంతి కోలగా ఉంటుంది. దానిని చేతితో పట్టుకొని పరుగెత్తవచ్చు, విసరవచ్చు, అవసరమయినప్పుడు తన్నవచ్చు. ఒక్కొక్క జట్టులో 11 మంది ఉంటారు. మైదానం 100 గజాలు. బంతి చేత ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో కనీసం 10 గజాలు ముందుకు సాగాలి. సాగలేకపోతే బంతి ఎదుటివారి వశమవుతుంది. బంతితో ఎదుటివారి చివరి గీతను దాటితే 6 పాయింట్లు. ఆపై బంతిని తన్ని రెండు స్తంభాల మధ్యగా పంపితే మరొక పాయింటు. ఆట నడుస్తుండగా అట్లు తన్ని పంపితే 3 పాయింట్లు. 1912 నాటికే ఈ లెక్కలు స్థిరపడినవి. కబడ్డీలో వలె ఇందులోనూ మనిషిని మనిషి పట్టి నిలవరించడమే ప్రధానం. ఆ కాలపు ఆటగాళ్ళు తలకు తోలు టోపీలు మాత్రమే ధరించేవారు. దెబ్బలు తగలడం సామాన్యం.

అర్ధవృత్తి జట్టు అనగా

పూర్తిగా ఆటపైనే జీవించేవారిని వృత్తి క్రీడాకారులు అంటారు. పారితోషికం లేకుండా ఆడేవారు ఔత్సాహికులు. ఈ రెంటికీ మధ్యనున్నవారే అర్ధవృత్తి ఆటగాళ్ళు. వారమంతా మిల్లులోనో, దుకాణంలోనో, బడిలోనో పని చేసి, ఆదివారం నాడు ఊరి జట్టుకు ఆడి, టిక్కెట్ల రాబడి నుండి కొంత సొమ్ము పొందేవారు. ఒహాయో రాష్ట్రంలో అటువంటి జట్లు ఆనాడు అనేకం ఉండేవి. నేడు జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌గా ప్రసిద్ధమయిన సంస్థ కూడా 1920లో అదే రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో పుట్టినదే.

జట్టు ఆవిర్భావం

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, 1919లో, ఐరన్‌టన్ టాంక్స్ జట్టు ఏర్పడింది. అంతకుముందు పట్టణంలో ఐరిష్ టౌన్ రాగ్స్, లంబార్డ్స్ అని రెండు జట్లు ఉండేవి. ఆ రెండింటిని కలిపి ఒకే జట్టుగా రూపొందించారు. యుద్ధంలో తొలిసారి కనిపించిన యుద్ధశకటమే టాంకు. ఆ మాట అప్పుడు అందరి నోటా ఉన్నది. అడ్డు వచ్చినదానిని తొక్కుకుంటూ పోయే శకటం పేరు ఈ ఆటకు తగినదే.

ఇరుగుపొరుగు పట్టణాలతోనే తొలి పోటీలు జరిగినవి. నది ఆవల కెంటకీలోని ఆష్‌లాండ్, ఎగువన వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్‌టన్, దిగువన ఒహాయోలోనే సుమారు 45 కిలోమీటర్ల దూరాన ఉన్న పోర్ట్స్‌మత్ పట్టణాల జట్లు టాంక్స్‌కు ప్రత్యర్థులు. వీరిలో పోర్ట్స్‌మత్ వారితో పోటీ అతి తీవ్రమయినది. 1912 ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణపతకాలు గెలిచిన జిమ్ థోర్ప్ అంతటివాడిని 1927లో పోర్ట్స్‌మత్ వారు తమ జట్టుకు రప్పించుకున్నారంటే, ఆ చిన్న పట్టణాల పట్టుదల ఎంతటిదో ఊహించవచ్చు.

1926లో ఐరన్‌టన్ పట్టణంలో జట్టు కొరకు ఒక క్రీడాప్రాంగణం నిర్మించబడింది. ప్రేక్షకులు కూర్చునే చోట పైకప్పు ఉండటం దాని విశేషం.

ఉపాధ్యాయుడైన ఆటగాడు

టాంక్స్ ఆటగాళ్ళలో అగ్రగణ్యుడు గ్లెన్ ప్రెస్నెల్. ఆయన 1905లో నెబ్రాస్కా రాష్ట్రంలో జన్మించి, నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు జట్టులో ఆడి కీర్తి గడించాడు. చదువు ముగిసిన పిమ్మట, 1928లో, ఇంత దూరపు ఐరన్‌టన్ పట్టణాన్నే ఎంచుకున్నాడు. టాంక్స్‌లో ఆటతో పాటు స్థానిక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయ పదవి కూడా లభించడమే ఇందుకు కారణం. ఆనాటి లీగ్ జట్లు ఇచ్చే సొమ్ము ఆట సాగే కొద్ది నెలలకే పరిమితం. బడి ఉద్యోగం ఏడాది పొడవునా అన్నం పెడుతుంది. వారమంతా తరగతి గదిలో పాఠం చెప్పిన మనిషే ఆదివారం మైదానంలో బంతి పట్టుకొని పరుగెత్తుతుంటే, గట్టుమీద కూర్చున్న పిల్లలకు ఎంత గర్వంగా ఉండి ఉంటుందో ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న ఈ వ్యాసకర్త సులభంగా ఊహించగలడు.

1930: శిఖరం, పతనం

1930వ సంవత్సరం టాంక్స్ చరిత్రలో అత్యున్నతమయినది. అదే వారి చివరి సంవత్సరం కూడా. ఆ ఏడు జట్టుకు శిక్షకుడు ఎర్ల్ నీల్. "గ్రీసీ" నీల్ అన్నది లోకవ్యవహారంలో ఆయన పేరు. అంతకుముందు ఆయన సిన్సినాటి రెడ్స్ బేస్‌బాల్ జట్టులో ఆడిన ప్రముఖుడు. తరువాతి కాలంలో ఆయన శిక్షణలోనే ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టు 1948, 1949 సంవత్సరాలలో జాతీయ లీగ్ విజేతగా నిలిచింది.

ఆ సంవత్సరం టాంక్స్ లీగ్‌లో సభ్యజట్టు కాదు. అయినను లీగ్‌లోని రెండు మహా జట్లను ఓడించింది. న్యూయార్క్ జెయింట్స్‌పై 13–12 తేడాతో, షికాగో బేర్స్‌పై 26–13 తేడాతో గెలిచింది. ఆనాటి బేర్స్ జట్టులో రెడ్ గ్రేంజ్, బ్రాంకో నగుర్‌స్కీ వంటి దేశప్రసిద్ధులు ఉండేవారు. పదహారు వేల జనాభాగల పట్టణపు జట్టు, లక్షల జనాభాగల మహానగరాల జట్లను ఓడించడం సామాన్య విషయం కాదు.

కాని గెలుపు వేరు, గడవడం వేరు. 1929 అక్టోబరులో న్యూయార్క్ వాటాల విపణి కుప్పకూలడంతో మహామాంద్యం ఆరంభమయింది. కొలిమి పనులపై ఆధారపడిన ఊరిలో చేతిలో డబ్బు ఆడనప్పుడు ఆదివారపు టిక్కెట్టు కొనేవారు తగ్గడం సహజం. మేటి ఆటగాళ్ళకు ఇవ్వవలసిన సొమ్ము మాత్రం తగ్గలేదు. 1930 ఆటల కాలం ముగియగానే జట్టు రద్దయింది. 12 సంవత్సరాలలో టాంక్స్ 85 ఆటలు గెలిచి, 19 ఓడి, 14 ఆటలను సమంగా ముగించింది. అనగా 118 ఆటలలో ఓటమి పాలయినది ఆరింట ఒక వంతు కంటె తక్కువే.

పొరుగువారి కథ

పోర్ట్స్‌మత్ వారు మరొక మార్గం పట్టారు. ఆ పట్టణం 40 వేలకు పైబడిన జనాభా కలది. వారు 1930లో కొత్త ప్రాంగణం నిర్మించి, స్పార్టన్స్ పేరుతో లీగ్‌లో చేరారు. టాంక్స్ రద్దయిన తరువాత ప్రెస్నెల్ సహా కొందరు ఐరన్‌టన్ ఆటగాళ్ళు, తమ చిరకాల ప్రత్యర్థి జట్టులోనే చేరవలసి వచ్చింది. 1932లో స్పార్టన్స్ లీగ్ ప్రథమస్థానం కొరకు షికాగో బేర్స్‌తో తలపడి 9–0తో ఓడింది. విపరీతమయిన చలి, మంచు వలన ఆ ఆట పైకప్పుగల భవనంలో జరగడం ఒక వింత. కాని మాంద్యం వారినీ వదలలేదు. 1934లో ఆ జట్టును సుమారు 8,000 డాలర్లకు డెట్రాయిట్ నగరపు రేడియో వ్యాపారి జార్జ్ రిచర్డ్స్ కొన్నాడు. నేటి డెట్రాయిట్ లయన్స్ జట్టు అదే.

ప్రెస్నెల్ కూడా జట్టుతో డెట్రాయిట్ వెళ్ళాడు. 1934లో గ్రీన్ బే జట్టుపై 54 గజాల దూరం నుండి బంతిని తన్ని స్తంభాల మధ్యకు పంపాడు. ఆ ఆటలో లయన్స్ గెలుపు 3–0. ఆ దూరం 1953 వరకు లీగ్ రికార్డుగా నిలిచింది. 1935లో లయన్స్ లీగ్ విజేత అయినప్పుడు ఆయన ఆ జట్టులో ఉన్నాడు.

చిన్న పట్టణాల జట్లలో మిగిలినది గ్రీన్ బే ఒక్కటే. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆ జట్టు కూడా 1919లోనే పుట్టింది. 1923లో ఊరివారే వాటాలు కొని దానిని లాభాపేక్ష లేని సంస్థగా మార్చుకున్నారు. వాటాదారులకు లాభం పంచడం లేదు గనుక, జట్టును మరొక నగరానికి అమ్ముకోవలసిన ఆశ ఎవరికీ కలగలేదు. ఒకే ఏట పుట్టిన రెండు జట్లలో ఒకటి నిలవడానికి, మరొకటి అంతరించడానికి ఆటలోని నైపుణ్యం కారణం కాదని, యాజమాన్యపు తీరు కూడా లెక్కలోకి వస్తుందని దీనివలన గ్రహించవచ్చు.

మిగిలిన గుర్తులు

ఐరన్‌టన్ జనాభా 2020 నాటికి 10 వేలకు కొంచెం పైన మాత్రమే. 1922 నాటి వంతెన స్థానంలో 2016లో కొత్త వంతెన వచ్చింది. కాని టాంక్స్ పేరు మాత్రం పోలేదు. వారి ప్రాంగణాన్ని టాంక్స్ స్మారక ప్రాంగణమని పిలుస్తున్నారు. ఐరన్‌టన్ ఉన్నత పాఠశాల విద్యార్థులు ఆడేది అక్కడే. ఆ బడి జట్టు 1979, 1989 సంవత్సరాలలో ఒహాయో రాష్ట్రస్థాయి విజేతగా నిలిచింది. పెద్దల జట్టు పోయినా పిల్లల జట్టు ఊరి ఆటను నిలబెట్టింది.

ప్రెస్నెల్ తరువాత కళాశాలలలో శిక్షకునిగా పనిచేశాడు. 1954 నుండి 1963 వరకు ఈస్టర్న్ కెంటకీ కళాశాల జట్టుకు శిక్షణ ఇచ్చాడు. చివరకు తనను ఆదరించిన ఐరన్‌టన్ పట్టణంలోనే స్థిరపడి, 2004లో 99వ ఏట కన్నుమూశాడు. జెయింట్స్‌ను, బేర్స్‌ను ఓడించిన ఆ శరత్కాలం ముచ్చట ఊరి పిల్లలు ఆయన నోటనే వినగలిగే అవకాశం అంతవరకు ఉండేది.

మన సరిహద్దు గ్రామాలలోనూ ఒకనాడు చుట్టుపక్కల ఊళ్ళను గెలిచిన కబడ్డీ, వాలీబాల్ జట్లు ఉండేవి. వాటిలో ఆడిన పెద్దలు ఇంకా మన ఇళ్ళ అరుగులమీద ఉన్నారు. ఏ సంవత్సరం, ఎవరితో, ఎన్ని పాయింట్లు అని వారిని అడిగి వ్రాసి ఉంచడం పెద్ద శ్రమ కాదు. ఐరన్‌టన్ వారు తమ 85 గెలుపులను, 19 ఓటములను లెక్క తప్పకుండా నిలుపుకున్నారు గనుకనే, ఈనాడు ఇంత దూరాన మనం వాటిని చదువుకోగలుగుతున్నాము.