తల్లిని కిల్ చేస్తే పిల్లలు పోతాయా?

ఆ మధ్య దసరాకి ఆసిఫాబాద్‌లో ఇంటికి పోయినప్పుడు రాత్రి పదకొండింటికి ఆఫీసు నుంచి ఫోన్. బిల్లులు తయారుచేసే స్క్రిప్టు ఎక్కడో ఆగిపోయిందట. "తల్లిని కిల్ కొట్టి మళ్ళీ మొదలుపెట్టు తమ్మీ" అన్నాను. పక్కన్నే పడుకున్న అమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఏందిరా గా మాటలు?" అంది.

అమ్మకి సర్దిచెప్పాను గానీ, పొద్దున్నకి అసలు సంగతి తెలిసింది. తల్లి ప్రాసెస్ పోయింది, పిల్లలు పోలేదు. పాతవీ కొత్తవీ కలిసి కొందరికి రెండేసి బిల్లులు రాసేశాయి. తప్పు నాదే. టెర్మినల్‌లో పరీక్షించినప్పుడు కంట్రోల్-సి కొడితే అన్నీ ఆగాయి కదా, కిల్ కూడా అంతేననుకున్నాను.

అంతే ఎందుకు కాదో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్‌లో తల్లి చచ్చినంత మాత్రాన పిల్ల చావదు. అనాథ అయిన పిల్లని 1వ నంబరు ప్రాసెస్, అంటే ఇనిట్, దత్తత తీసుకుంటుంది. కిల్ అన్నది పేరుకే కిల్, నిజానికి అది ఒక్క ప్రాసెస్‌కి పంపే కబురు. కంట్రోల్-సి అలా కాదు, టెర్మినల్ ముందున్న గుంపు మొత్తానికీ పోతుంది. ఒక్కో పనిని ఒక్కో గుంపుగా కట్టి ఆపే, నడిపే జాబ్ కంట్రోల్‌ని ఆస్ట్రియాలో పనిచేసిన జిమ్ కల్ప్ మొదలుపెట్టాడు. 1980లో 4బీఎస్‌డీతో అది అందరికీ వచ్చింది. గుంపు నంబరు ముందు మైనస్ పెట్టి కిల్ కొడితే గుంపంతా వింటుంది. కాకపోతే సెట్‌సిడ్ అని వేరు కాపురం పెట్టిన పిల్ల వినదు.

విండోస్ సంగతి ఇంకో రకం. 1993లో వచ్చిన ఎన్‌టీలో తల్లి నంబరు రాసి ఉంటుంది, అంతకుమించి బంధుత్వం లేదు. తల్లి పోయాక ఆ నంబరు ఎవరికైనా రావచ్చు. అందుకే టాస్క్‌కిల్‌కి స్లాష్-టీ ఇచ్చినా, తల్లి ముందే పోయుంటే పిల్లలు దొరకవు. దీనికి సరైన మందు జాబ్ ఆబ్జెక్ట్, విండోస్ 2000లో వచ్చింది. పిల్లలన్నిటినీ ఒక దొడ్లో పెట్టి ఒక్క పిలుపుతో ఆపొచ్చు.

లైనక్స్‌కి అలాంటి దొడ్డి రావడానికి 2008 పట్టింది. గూగుల్ ఇంజనీర్లు మొదలుపెట్టిన సీగ్రూప్స్ 2.6.24 కెర్నెల్‌లో చేరాయి. గ్రూపు మొత్తాన్నీ ఒక్క దెబ్బతో చంపే సీగ్రూప్-డాట్-కిల్ ఫైలైతే 2021లో, 5.14లో వచ్చింది!

అంటే ఇన్నేళ్ళుగా అందరూ ఒకే ప్రశ్న దగ్గర తిరుగుతున్నారు: ఈ పిల్లలు ఎవరివి? దానికి జవాబు పిల్లల్ని పుట్టించేటప్పుడే రాసిపెట్టాలి, చంపేటప్పుడు వెతికితే దొరకదు. ఇంకోటి, ముందు 15తో మర్యాదగా చెప్పండి, తల్లికి పిల్లల్ని సర్దుకునే టైమివ్వండి. నేరుగా 9 కొడితే ఆమెకి చెప్పుకునే అవకాశమే ఉండదు.

ఇప్పుడు నా స్క్రిప్టులన్నీ గుంపు కట్టాకే పని మొదలుపెడతాయి. ఫోన్లో మాత్రం "కిల్" అనడం మానేశాను, "ఆపు" అంటున్నాను. అమ్మ నిద్ర కూడా ముఖ్యమే కదా!