పెన్సిల్ చుక్క ఎటువైపు?

బ్యాటరీ లేని కంప్యూటర్ ఒకటి నా దగ్గరుంది. అరిజోనాలో విమానం నడపడం నేర్చుకునే రోజుల్లో కొన్నాను. షాపులో అట్టది, ప్లాస్టిక్‌ది, అల్యూమినియంది చూపించారు. అట్టది చవక, కానీ నలిగి చక్రం వదులైతే లెక్క తప్పుతుంది. ప్లాస్టిక్‌ది ఎండలో కారులో మర్చిపోతే వంకరపోతుంది. ఆ ఎండ ఎలా ఉంటుందో రెంటచింతల వాళ్ళకి చెప్పక్కర్లేదు. జేబులో పట్టే గుండ్రటి సీఆర్ రకం కూడా ఉంది. దాంట్లో గాలిని రెండు భాగాలుగా విడగొట్టి లెక్కగట్టాలి. నాకేమో గాలి కంటికి కనబడాలి. అల్యూమినియం ఈ-6బీ తీసుకున్నాను.

ఈ-6బీ అంటే ఏదో ఫార్ములా అనుకున్నాను. కాదు, అమెరికా ఆర్మీ ఎయిర్ కోర్ వాళ్ళు వేసిన సామాను నంబరు. దీన్ని చేసిన మనిషి ఫిలిప్ డాల్టన్. 1903లో పుట్టాడు, కార్నెల్‌లో చదివాడు, కొన్నాళ్ళు సైన్యంలో ఫిరంగుల విభాగంలో ఉండి, 1931 నుంచి నేవీ రిజర్వ్ పైలట్ అయ్యాడు. లిండ్‌బర్గ్‌కి నావిగేషన్ నేర్పిన వీమ్స్‌తో కలిసి ఇలాంటి పరికరాలు ఒకదాని తర్వాత ఒకటి తయారుచేశాడు. ఒకదాంట్లో గాలి పటం తిరిగే బెల్టు మీద ఉండేది. ఖర్చెక్కువని ఆర్మీ వద్దంది. 1937లో బెల్టు తీసేసి జరిపే పలక పెట్టాడు, వెనకవైపు తన పాత చక్రాన్నే బిగించాడు. నా చేతిలో ఉన్నది దాదాపు అదే. చవగ్గా చెయ్యమన్నారు కాబట్టే ఇన్నాళ్ళు బతికిందని నా అనుమానం.

ఆ చక్రం ఇంకా పాతది. 1614లో నేపియర్ సంవర్గమానాలు ప్రచురించాక ఇరవై ఏళ్ళలోపే ఇంగ్లండ్‌లో గుండ్రటి స్లైడ్ రూల్ వచ్చింది. ముందు ఎవరు చేశారని గురువు ఆట్రెడ్, శిష్యుడు డెలమెయిన్ పుస్తకాలకెక్కి మరీ తగువులాడుకున్నారు. 1960ల స్టార్ ట్రెక్‌లో స్పాక్ చేతిలోనూ ఈ-6బీ కనిపిస్తుంది. మూడు వందల ఏళ్ళ తర్వాతి మనుషులకీ పనికొస్తుందనుకున్నారు కాబోలు.

60 దగ్గరున్న బాణాన్ని 96 నాట్ల ఎదురుగా పెట్టి, బయటి వలయంలో 72 మైళ్ళు వెతికితే, దాని కింద 45 నిమిషాలు కనిపిస్తుంది. గంటకి 8 గ్యాలన్ల చొప్పున అదే 45 నిమిషాలకి పెట్రోలు ఎంతని అడిగితే 60 అనే గీత చూపిస్తుంది. అది 6 గ్యాలన్లా, 60 గ్యాలన్లా? చక్రానికి దశాంశ బిందువు తెలీదు. సుమారుగా ఎంత రావాలో ముందే మన మనసులో ఉండాలి. మొదట్లో ఇది లోపం అనిపించింది. ఇప్పుడు దీనికోసమే వాడుతున్నాను.

గాలి వైపే నేను బోల్తాపడింది. గాలి ఎటునుంచి వస్తుందో ఆ దిక్కుని పైన గుర్తు దగ్గరికి తిప్పి, మధ్య చిల్లునుంచి గాలి వేగమంత పైకి లెక్కపెట్టి పెన్సిల్‌తో చుక్క పెట్టాలి. తర్వాత మన దారి దిక్కుని గుర్తు దగ్గరికి తిప్పి, చుక్క మన ఎయిర్ స్పీడ్ గీత మీదికి వచ్చేలా పలక జరిపితే, చిల్లు కింద గ్రౌండ్ స్పీడ్ ఉంటుంది. ఆ రోజు 20 నాట్ల గాలి సరిగ్గా నేను వెళ్ళే వైపునుంచే వస్తోంది. నేను చుక్కని కిందికి పెట్టాను. 100 నాట్ల విమానానికి గ్రౌండ్ స్పీడ్ 120 వచ్చింది. 120 మైళ్ళ దూరం, గంట ప్రయాణం, 8 గ్యాలన్లు అని చక్కగా రాసుకున్నాను.

మా ఇన్‌స్ట్రక్టర్ కాగితం చూసి, కిటికీలోంచి గాలిసంచీ వైపు చెయ్యి చూపించి, "ఎదురుగాలికి వేగం పెరిగిందా?" అన్నాడు. అసలు వేగం 80. గంటన్నర, 12 గ్యాలన్లు. ఎలక్ట్రానిక్‌ది కొనుంటే ఈ తప్పు జరిగేది కాదని అనను. దిక్కు తప్పు కొట్టినా అది లెక్క చేసిపెడుతుంది. కానీ ఇక్కడ చుక్క కళ్ళెదుటే ఉంది. చూస్తే చాలు. నేను చూడలేదు, అంతే.

ఈ-6బీ 1940లో ఆర్మీ చేతికి వచ్చింది. 1941లో ఒక శిష్యుడితో స్పిన్‌లు సాధన చేయిస్తూ విమానం కూలి డాల్టన్ చనిపోయాడు. పెర్ల్ హార్బర్ తర్వాతే పెద్ద ఆర్డర్లొచ్చాయి. యుద్ధకాలంలో 4 లక్షలకు పైగా తయారయ్యాయి, చాలావరకు అతినీలలోహిత దీపం కింద మెరిసే ప్లాస్టిక్‌తో. అవేవీ ఆయన చూడలేదు. ఇది చదివిన రోజు నాకు వెంటనే గుర్తొచ్చింది ఆయన కాదు, ఆ శిష్యుడు.

ఒంటరిగా మొదటిసారి దూరం వెళ్ళిన రోజు చుక్క రెండుసార్లు చెరిపి, గాలిసంచీ చూసి, మళ్ళీ పెట్టాను. పలక మీద ఆ మరక ఇంకా పూర్తిగా పోలేదు.