దానమా, వాటానా?

తాత కట్టించిన మేడల మీద అద్దెలు వచ్చిపడుతుంటే, ఆ ఇంటి మనవడు సోమరి అవుతాడేమోనని ఊళ్లో ఎవరూ కంగారుపడరు. కూలి చేసుకునే ఇంటికి నెలనెలా వెయ్యి రూపాయలు వస్తాయంటే మాత్రం మొదట పుట్టేది ఆ అనుమానమే. పేదా గొప్పా చూడకుండా, షరతులు పెట్టకుండా ప్రతి మనిషికీ ప్రభుత్వం క్రమం తప్పక డబ్బివ్వాలన్నది సార్వత్రిక కనీస ఆదాయం. ఈ ఆలోచనకు రెండు శతాబ్దాలకు పైగా ఆ అనుమానమే అడ్డుపడుతోంది.

1795లో ఇంగ్లండ్‌లో తిండిగింజల ధరలు మండిపోయాయి. ఆ మే నెలలో బర్క్‌షైర్ మేజిస్ట్రేట్లు స్పీనమ్‌ల్యాండ్‌లో సమావేశమయ్యారు. రొట్టె ధర ఎంత, ఇంట్లో తినే నోళ్లెన్ని అని లెక్కగట్టి, కూలి డబ్బు చాలనివాళ్లకు తక్కువైనంత స్థానిక పన్నుల నుంచి ఇవ్వాలని తీర్మానించారు. దక్షిణ ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఇలాంటి పద్ధతులే నడిచాయి. నలభై ఏళ్లు తిరగకముందే ఒక రాయల్ కమిషన్ వాటిని సోమరితనానికి మూలమని తేల్చింది. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకు సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో, అంటే పేదలను ఉంచి పని చేయించే శాలలో, చేరాల్సిందేనన్న విధానం 1834 చట్టంతో వచ్చింది. అక్కడ భార్యాభర్తలను కూడా విడదీసి ఉంచేవారు. కమిషన్ తీర్పుకు సరైన ఆధారాల్లేవని 1963లో ఆర్థికవేత్త మార్క్ బ్లాగ్ వాదించేనాటికి, ఆ కథ చరిత్రగా స్థిరపడిపోయింది.

స్పీనమ్‌ల్యాండ్ కాలంలోనే రచయిత థామస్ పెయిన్ ఇంకో దారి పట్టాడు. ధనికులనూ పేదలనూ దేవుడే సృష్టించాడని, అందులో ఆయన మంచితనం ఉందని ఇంగ్లండ్‌లో ఒక బిషప్ బోధించాడు. ఆ మాటను ఖండిస్తూనే 1797లో పెయిన్ ‘అగ్రేరియన్ జస్టిస్’ అచ్చువేశాడు. నేల మొదట అందరిదీ, సాగుతో పెరిగిన విలువ మాత్రమే సొంతదారుది, కాబట్టి సొంతదారు సమాజానికి అద్దె బాకీ ఉన్నాడన్నది ఆయన వాదన. ఆ బాకీని వారసత్వ ఆస్తుల నుంచి రాబట్టి, 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ 15 పౌండ్లు, 50 ఏళ్ల నుంచి ఏటా 10 పౌండ్లు ఇమ్మన్నాడు. ఇచ్చేటప్పుడు తేడాలు చూపకూడదని ధనికులనూ జాబితాలో చేర్చాడు. పేదల మీద దయ చూపాలా వద్దా అన్న చర్చను ఆయన వాటాల లెక్కగా మార్చాడు.

అమెరికా రాష్ట్రమైన అలాస్కా ఆ తర్కానికి దగ్గరగా వచ్చింది. చమురు ఆదాయంలో కొంత శాశ్వత నిధిలో వేయాలని 1976లో అక్కడి ఓటర్లు తమ రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించుకున్నారు. ఆ నిధి రాబడిని పాతకాపులకు ఎక్కువ, కొత్తగా వచ్చినవాళ్లకు తక్కువ పంచే పథకాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1982లో కొట్టేసింది. ఆ ఏడాదే అందరికీ సమానంగా వెయ్యేసి డాలర్లు అందాయి.

పాత అనుమానం మాత్రం చావలేదు. పిల్లలున్న పేద కుటుంబాలకు కనీస ఆదాయం హామీ ఇవ్వాలని 1969లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పూనుకుంటే, సలహాదారు మార్టిన్ ఆండర్సన్ ఆయన ముందుంచింది స్పీనమ్‌ల్యాండ్ కథే. బిల్లు ప్రతినిధుల సభ దాటినా సెనేట్‌లో ఆగిపోయింది.

అనుమానాన్ని పరీక్షకు పెట్టినచోట జవాబు వేరుగా వచ్చింది. కెనడాలోని డాఫిన్ పట్టణంలో 1974 నుంచి కొన్నేళ్లు తక్కువ ఆదాయమున్న కుటుంబాలకు హామీ డబ్బు ఇచ్చారు. ఆ కాలంలో ఆసుపత్రిలో చేరికలు పోల్చిచూసిన జనాభాకన్నా 8.5 శాతం తగ్గాయని, చాలాకాలం తర్వాత పాత రికార్డులు తిరగేసిన ఆర్థికవేత్త ఎవలిన్ ఫోర్జే 2011లో ప్రకటించింది. అదే ఏడాది మన మధ్యప్రదేశ్‌లో ‘సేవా’ సంస్థ ఎనిమిది గ్రామాల్లో పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత వాటిని 300, 150కి పెంచారు. ఆ ఇళ్లలో తిండి మెరుగుపడింది, పిల్లల బడి హాజరు పెరిగింది. 2016-17 కేంద్ర ఆర్థిక సర్వే ఒక అధ్యాయమంతా ఈ అంశానికే ఇచ్చి, తలకు ఏటా 7,620 రూపాయలని లెక్కగట్టి చూపింది.

తెలుగు నేల మీద నేరుగా డబ్బిచ్చే పద్ధతి మనిషిని వదిలి ఎకరాన్ని పట్టుకుంది. 2018 మేలో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు కింద ఒక్కో పంటకు ఎకరానికి 4,000 రూపాయలు ఇవ్వసాగింది. పట్టా ఉన్నవారికే డబ్బు. కౌలుదారుకు చిల్లిగవ్వ లేదు. పదెకరాల ఆసామికి ఎకరం రైతుకన్నా పదింతలు. పెయిన్ బాకీదారుగా చూసిన భూయజమాని ఇక్కడ హక్కుదారు అయ్యాడు. 2025 జనవరి 26న, రైతుబంధు స్థానంలో తెచ్చిన రైతు భరోసాతో పాటు, భూమిలేని కూలీ కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలైంది. ఎకరానికి ఏటా 12,000, కూలీ కుటుంబం మొత్తానికీ 12,000. పైగా ఆ కుటుంబం ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలి. ఆసామి స్వయంగా నాగలి పట్టాడా అని ఎవరూ అడగరు, కూలి మనిషి దగ్గర మాత్రం పనికి రుజువు కావాలి. ఈ 20 రోజుల షరతు ఎత్తేయాలి. ఎకరాలకు బదులు మనుషులను లెక్కపెడితే ఖర్చెంతవుతుందో, ఎవరికెంత వస్తుందో తెలంగాణ ప్రభుత్వం లెక్కలు తీసి శాసనసభ ముందు పెట్టాలి.