పద్మశ్రీకి ఒకటే పేరు

తాగుడును చెడునడతగా కాక జబ్బుగా చూడాలన్న మాట మన దేశంలో బలపడటానికి 1980లో మద్రాసులో శాంతి రంగనాథన్ మొదలుపెట్టిన చికిత్సా కేంద్రం ఒక ముఖ్య కారణం. తాగుడు వల్లే భర్తను పోగొట్టుకున్న ఆమెకు 1992లో పద్మశ్రీ వచ్చింది. సబబైన గుర్తింపే. అయితే ఆ పని ఎవరి భుజాల మీద నడిచిందో కూడా చూడాలి. 1989లో ఆ సంస్థ మంజక్కుడి అనే తమిళ పల్లెలో శిబిరం పెట్టింది. ఆసుపత్రికి రాలేనివాళ్ల దగ్గరికి ఆసుపత్రే వెళ్లింది. రోగితో పాటు ఇంటివాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడింది. ఇలాంటి పనిలో సగం బరువు ఊరివాళ్లదే. పురస్కార పత్రంలో వాళ్లకు చోటుండదు.

అందరి పేర్లూ రాస్తే పురస్కారానికి విలువేముంటుందని అడగొచ్చు. నిజమే, ఒక ముఖమంటూ ఉంటేనే సిగ్గుతో దాచుకున్న జబ్బు నలుగురి నోటికీ ఎక్కుతుంది. కానీ అదే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. వాళ్ల పోరు రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం తెచ్చింది. 1995 నాటి సంపూర్ణ మద్యనిషేధం మాత్రం రెండేళ్లకే సడలింది. చరిత్ర వాళ్లను ఉద్యమకారుల పద్దులో రాసింది, వ్యసన చికిత్స పద్దులో కాదు. దుకాణం మూసినంత మాత్రాన తాగేవాడి చేతివణుకు ఆగదు, వైద్యం కావాల్సిందే. అయినా శిబిరం నుంచి ఇల్లు చేరినవాడికి దారిలో తగిలేది ఆ దుకాణమే.