మెకంజీ దొర కట్టిన మూట

మా పెద్దమామయ్య రెండో ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు వెళ్ళివచ్చాడు. మూడేళ్ళున్నాడట. తిరిగివచ్చేటప్పుడు ఒక ఇనపట్రంకు, రెండు ఉన్ని కంబళ్ళు, ఒంటె బొమ్మ ఉన్న ఇత్తడి పళ్ళెం తెచ్చాడు. ఈజిప్టు ఎలా ఉంటుంది మామయ్యా అని అడిగితే “ఇసకే ఇసక” అనేవాడు. అంతే. మూడేళ్ళ పరదేశవాసం రెండు ముక్కల్లో తేలిపోయింది. పాపం, ఆయన్ననడానికేముంది? తుపాకీ పట్టుకుని వెళ్ళినవాడికి పిరమిడ్లు చూసే తీరికెక్కడిది?

అయితే తుపాకీ పట్టుకుని మన దేశం వచ్చి, మనకే తెలియని మన ఊళ్ళ కథలు మూటగట్టిన సైనికుడు ఒకడున్నాడు. కాలిన్ మెకంజీ. మన పెద్దవాళ్ళు మెకంజీ దొర అంటారు. కైఫీయత్తులనే మాట మీరు వినే ఉంటారు. అవి ఈయన రాయించినవే.

స్కాట్లాండుకి వాయవ్యంగా సముద్రంలో లూయిస్ అనే దీవి ఉంది. చలి, గాలి, బీడుభూమి. అందులో స్టోర్నొవే అనే రేవు పట్నంలో 1754 ప్రాంతంలో పుట్టాడు. సుంకాల కచేరీలో ఉద్యోగం చేసేవాడు. ముప్ఫయ్యోపడి అంచున ఉండగా, 1783లో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో దిగాడు. మిగతావాళ్ళు మీసాలు రాకముందే వచ్చి చేరే ఉద్యోగం అది. ఈయన ఆలస్యంగా వచ్చాడు. కాని వచ్చినవాడు మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు. ముప్ఫైయెనిమిదేళ్ళు ఇక్కడే ఉండి ఇక్కడే పోయాడు.

అసలు ఈ దొరకి మన పాతకథల మీద మోజు ఎలా కలిగిందో చెప్పాలి. పుస్తకాల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు గాని, నాకు అదే ముఖ్యంగా తోస్తుంది. దీనికి మూలం ఒక ఆడమనిషి. ఆవిడ పేరు హెస్టర్. స్కాట్లాండులో నేపియర్ అనే ప్రభువుగారి కూతురు. ఆ వంశంలో పూర్వం జాన్ నేపియర్ అనే గణిత పండితుడు ఉండేవాడు. మన పిల్లలు పరీక్షల ముందు తిట్టుకునే లాగరిథమ్స్ ఆయన కనిపెట్టినవే. ఆ పూర్వీకుడి జీవితచరిత్ర రాద్దామని ప్రభువుగారు మొదలుపెట్టి, హిందువుల గణితం ఎలాంటిదో తెలుసుకోవాలనుకుని, ఆ పని కుర్రవాడైన మెకంజీకి పురమాయించాడు. ఆయన పోయాడు, పుస్తకం ఆగిపోయింది. కాని కూతురు ఆ మాట మరిచిపోలేదు. కంపెనీ ఉద్యోగి జాన్‌స్టన్‌ని పెళ్ళాడి మదురలో కాపరమున్న హెస్టర్, మెకంజీని తన ఇంటికి పిలిచి, అక్కడి బ్రాహ్మణ పండితులతో కూచోబెట్టి మాట్లాడించింది. ఆ ఇంటి సావిట్లో కూచున్నప్పుడే ఈ దేశపు పాత సంగతులన్నీ సేకరించాలన్న సంకల్పం ఆయనకి కలిగిందట. ఈ ముచ్చట చెప్పినవాడు ఆవిడ కొడుకే. తరవాతి రోజుల్లో సింహళంలో పెద్ద జడ్జీ అయ్యాడు.

సరే, సంకల్పం కలిగింది. పని జరిగిందా? పదమూడేళ్ళు ఏమీ జరగలేదు. ఈ మాట ఆయనే 1817లో రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. ఉద్యోగం అలాంటిది. ఇవాళ నెల్లూరు, రేపు ఒంగోలు, ఎల్లుండి టిప్పు మీద యుద్ధం. 1792 తరవాత నిజాం రాజ్యంలో ఉన్న కంపెనీ సైన్యానికి ఇంజనీరుగా వేశారు. గొలుసులు పట్టుకుని దారులు కొలవడం, కోటలకి పటాలు గీయడం ఆయన పని. పైగా భాషలు రావు. తెలుగు రాదు, కన్నడం రాదు, సంస్కృతం రాదు. చివరిదాకా రాలేదు కూడా! నాకు ఆశ్చర్యం వేసేది ఇక్కడే. భాష రాని మనిషి అన్ని వేల తాళపత్రాలు ఎలా పోగు చేశాడు?

భాష రాకపోయినా కన్నుంది. 1794లో నల్లమల అడవుల్లో పడి శ్రీశైలం వెళ్ళాడు. అప్పట్లో శ్రీశైలం వెళ్ళడమంటే కాశీకి వెళ్ళినట్టే. గుడి ప్రాకారం చుట్టూ రాళ్ళ మీద చెక్కిన ఏనుగులు, గుర్రాలు, వేటలు, దేవతల కథలు శ్రద్ధగా చూసి రాసుకుని, కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి పత్రికలో అచ్చువేయించాడు. మనం ఎన్నిసార్లు శ్రీశైలం వెళ్ళలేదూ? దర్శనం, ప్రసాదం, బస్సు టైము. ఆ గోడ ముందు ఐదు నిమిషాలు నిలబడినవాళ్ళెందరో మీరే చెప్పండి.

ఇక 1796లో ఆయన దశ తిరిగింది. కావలి వెంకట బొర్రయ్య అనే యువకుడు ఆయన దగ్గర చేరాడు. ఏలూరు వాళ్ళు, నియోగులు. అప్పటికి బొర్రయ్యకి ఇరవై ఏళ్ళు. సంస్కృతం, తెలుగు సరేసరి, ఇంగ్లీషూ వచ్చు. ఈ కుర్రవాడితో కలిగిన పరిచయమే తనకి భారతీయ విజ్ఞానపు గుమ్మం తలుపు తెరిచిందన్న అర్థం వచ్చేలా దొర రాసుకున్నాడు. 1799లో శ్రీరంగపట్నం కూలిన తరవాత మైసూరు రాజ్యమంతా సర్వే చేసే పని దొరకి అప్పగించారు. మధ్యలో కంపెనీ దొరతనంవారు ఖర్చు తగ్గించమని జీతాలకి కోత పెట్టినా, ఆయన తన డబ్బు పెట్టుకుని శాసనాలూ కథలూ ఎత్తిరాయిస్తూనే ఉన్నాడు. బొర్రయ్య పాత కన్నడ లిపిలో ఉన్న శాసనాలు చదివే దారి పట్టుకున్నాడు. అప్పటిదాకా ఊరి పొలిమేరలో పడి ఉన్న రాళ్ళకి నోరొచ్చినట్టయింది.

నిండా ముప్ఫై ఏళ్ళు రాకుండానే 1803లో బొర్రయ్య పోయాడు. తరవాత అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత నెత్తికెత్తుకుని, దొర పోయేదాకా విడవలేదు. ఇంకో తమ్ముడు రామస్వామి కూడా అందులోనే. అంటే మనం మెకంజీ కైఫీయత్తులని పిలుస్తున్నవి సగం కావలివారి కైఫీయత్తులన్నమాట.

కైఫీయతు అంటే ఏమిటి? ఫారసీ నుంచి వచ్చిన మాట. స్థితిగతులు, వివరం అని అర్థం. లక్ష్మయ్య, మైసూరు దేశపు జైన పండితుడు ధర్మయ్య, ఇంకా నారాయణరావు వగైరా గుమాస్తాలు ఊరూరా తిరిగేవారు. ఊళ్ళోకి వెళ్ళగానే కరణం గారింటికి. అటకమీద దండకవిలె ఉంటుంది. అది ఊరి పుట్టుపూర్వోత్తరాల చిట్టా. అడవి కొట్టించి ఊరు కట్టిందెవరు, ఆ పేరెందుకొచ్చింది, చెరువు తవ్వించిందెవరు, గుడికి మాన్యం ఏ రాజు ఇచ్చాడు, ప్రతాపరుద్రుడి కాలంలో ఏం జరిగింది, రాయల కాలంలో ఎవరు ఏలారు, ఎల్లలు ఏమిటి, పండే పంటలేమిటి, అన్నీ. లేకపోతే గుడి పూజారి, లేకపోతే ఊళ్ళో అందరికన్న ముసలాయన. ఆయన చెప్పినది చెప్పినట్టు రాసుకోవాలి. నిజమా, అభూతకల్పనా అని అక్కడే తేల్చరు. దేవుడు కలలో కనపడి చెబితే ఊరు కట్టాడంటే కలలోనే కనపడ్డాడని రాస్తారు. చరిత్రకారులు దీన్ని లోపమంటారు. నాకు మాత్రం అదే బాగుంది. మా అమ్మమ్మ కథ చెబుతుంటే మధ్యలో “ఆధారమేమిటి?” అని అడిగితే కథా ఉండదు, అమ్మమ్మా ఉండదు.

పని మాత్రం అంత సుఖంగా సాగలేదు. దొర మనుషులు కాగితాలు చూపించమన్నారంటే ఎవరికి గుండె దడ కాదు? మాన్యాలు ఊడబెరుకుతారేమో, శిస్తు పెంచుతారేమో అని ఆకులు దాచేసేవారు. వాళ్ళ భయం ఉత్తిది కూడా కాదు. అదే దొర చేయించిన సర్వే పటాలు కంపెనీవారికి శిస్తు కట్టడానికీ, సైన్యాలు నడపడానికీ పనికొచ్చాయి. ఒక చేత్తో కథ అడుగుతూ రెండో చేత్తో భూమి కొలిచే మనిషి అంటే అనుమానం సహజం. మెకంజీని పొగిడేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టకూడదు.

అమరావతి మాట చెప్పకుండా ఎలా? చింతపల్లి నుంచి వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు రాజధాని అమరావతికి మార్చి కొత్త పట్నం కట్టిస్తున్నారు. రాళ్ళూ ఇటుకలూ కావాలి. పక్కనే దీపాలదిన్నె అనే పెద్ద దిబ్బ ఉంది. తవ్వితే తెల్లని పలకల మీద బొమ్మలు బయటపడ్డాయి. ఆ వార్త తెలిసి 1790ల చివర్లో మెకంజీ వచ్చి చూసి, ఇది మామూలు చోటు కాదని గ్రహించాడు. బౌద్ధస్తూపమని మాత్రం తెలియలేదు, జైనులదేమో అనుకున్నాడు. సర్వేయరు జనరల్ హోదాతో 1816లో పటాలు గీసేవాళ్ళని వెంటబెట్టుకుని తిరిగి వస్తే, దిబ్బ మధ్య భాగం తవ్వి చెరువు చేసేశారు! పలకలు కొత్త కట్టడాలకీ, చెరువు మెట్లకీ పోయాయి. ఆడవాళ్ళు బిందెలు కడుక్కునే మెట్టు కింద రెండువేల ఏళ్ళనాటి శిల్పి చెక్కిన బొమ్మ! మిగిలిన వాటినైనా కాగితం మీద దించుదామని ఒక్కొక్క పలకా కొలిచి గీయించాడు. వాటిలో కొన్ని పలకలు ఆ తరవాత కనబడకుండా పోయాయి. ఇవాళ వాటి రూపం తెలిసేది ఆ బొమ్మల వల్లనే. ఆ బొమ్మల పుస్తకం లండనులో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. రాళ్ళలో చాలా భాగం తరవాతివాళ్ళ తవ్వకాల్లో దొరికి మద్రాసు మ్యూజియానికీ, లండను బ్రిటిష్ మ్యూజియానికీ చేరాయి. అమరావతిలో మనకి మిగిలింది దిబ్బ.

ఈలోగా 1811లో జావా మీదకి దండయాత్ర. అక్కడా యుద్ధం చేశాడు, అక్కడా సేకరించాడు. ప్రంబనన్ గుళ్ళ శిథిలాలు చూశాడు. దాంతోపాటు, యాభయ్యోపడి చివర్లో, పెట్రొనెల్లా జాకోమినా బార్టెల్స్ అనే డచ్చి అమ్మాయిని పెళ్ళాడాడు. వయసులో ఆయనకన్న చాలా చిన్నది. తాటాకుల కట్టలు, రాళ్ళు, నాణాలు, పండితులు, వీటన్నిటి మధ్యకి కాపరానికొచ్చింది. ఇల్లు సర్దుకోవడానికి ఎంత అవస్థ పడిందో ఎవరూ రాయలేదు. మగవాళ్ళు రాసిన చరిత్రల్లో అలాంటివి ఉండవు కదా.

1815లో భారతదేశానికంతటికీ మొట్టమొదటి సర్వేయరు జనరల్ అయ్యాడు. మరుసటి ఏడు మద్రాసులో థామస్ హిక్కీ అనే చిత్రకారుడు ఆయన బొమ్మ వేశాడు. ఎర్రకోటు తొడుక్కుని దొర నిలబడి ఉంటాడు. చుట్టూ మనవాళ్ళు ముగ్గురు. ఒకరి చేతిలో తాటాకు గ్రంథం, ఒకరి చేతిలో దుర్భిణి. దూరంగా కొండమీద గోమఠేశ్వరుడు. ఆ కాలపు దొరల బొమ్మల్లో మనవాళ్ళు ఉంటే గొడుగు పట్టుకునో, హుక్కా అందిస్తూనో ఉంటారు. ఇందులో గ్రంథం పట్టుకుని ఉన్నారు.

1821 మే 8న కలకత్తా దగ్గర కన్నుమూశాడు. పార్క్ స్ట్రీటు శ్మశానంలో సమాధి ఉంది. ఆయన సొత్తంతా భార్య దగ్గర కంపెనీ సర్కారు కొనుక్కుంది. విల్సన్ పండితుడు పట్టిక తయారుచేసి 1828లో అచ్చువేశాడు. 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్ళు, 2,630 బొమ్మలు, 6,218 నాణాలు! విల్సన్‌కి సంస్కృతం క్షుణ్ణంగా వచ్చుగాని మన దక్షిణాది భాషలు రావు. పట్టికకి ఆధారం మళ్ళీ మనవాళ్ళు రాసిపెట్టిన సారాంశాలే.

ఆ లక్ష్మయ్య సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. పాతికేళ్ళ పైన ఈ పనిలోనే అరిగిపోయిన మనిషి. ఆగిపోయిన పని నేను సాగిస్తాను, అనుమతించండి అని అర్జీ పెట్టుకున్నాడు. 1830లలో అది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ముందుకి వచ్చింది. నేటివు ఎంత తెలివైనవాడైనా ఇటువంటి పనికి పైన ఒక దొర బుర్ర ఉండాలన్న ధోరణిలో తేల్చేశారు. అశోకుడి బ్రాహ్మీలిపి చదివిన మహానుభావుడు జేమ్స్ ప్రిన్సెప్ కూడా అందులో ఉన్నాడు! విలియం టేలర్ అనే ఫాదిరీకి ఆ కాగితాలు ఇచ్చారు. లక్ష్మయ్య మద్రాసులో ఒక సాహిత్య సంఘం పెట్టుకుని కాలక్షేపం చేశాడు.

తమ్ముడు రామస్వామి వేరే దారి తొక్కాడు. ఎవరి అనుమతీ అడక్కుండా తనే ఇంగ్లీషులో పుస్తకాలు రాసి అచ్చువేసుకున్నాడు. దక్షిణదేశపు కవుల చరిత్ర 1829లో వచ్చింది. మన కవుల గురించి ఇంగ్లీషులో మనవాడే రాసిన పుస్తకం. 1836లో ఇంకొకటి వేశాడు. అది పాకశాస్త్రం! హిందువుల వంటలు చేసే విధానం ఇంగ్లీషులో. శాసనాలు వెతికిన చేత్తోనే పోపు వెయ్యడం కూడా రాశాడు. కావలివారి ఇంట్లో ఆడవాళ్ళు చెప్పకుండా ఆయనకి కొలతలు ఎలా తెలిశాయో నాకు అనుమానమే.

తరవాత మన బ్రౌన్ దొర పుణ్యమా అని లండను చేరిన కాగితాలు కొన్ని మద్రాసుకి తిరిగివచ్చాయి. శిథిలమవుతున్నవాటికి ఆయన నకళ్ళు రాయించాడు. ఇప్పుడు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కడపలో బ్రౌన్ పేరిట ఉన్న భాషా పరిశోధన కేంద్రంవాళ్ళు కడప జిల్లా కైఫీయత్తులు సంపుటాలుగా వేశారు. మా అమ్మాయి ఒకటి తెచ్చిపెడితే వంట పొయ్యి మీద ఉండగానే చదవడం మొదలుపెట్టి పప్పు మాడబెట్టాను. ఊరి పేరు రాగానే “ఇక్కడ మా పిన్నత్తగారి ఊరు ఉందేమో” అని వేలు పెట్టి వెతకడం. పిన్నత్తగారిది దొరికింది. మా పుట్టిల్లు కృష్ణా జిల్లా కదా, దానికోసం మద్రాసు వెళ్ళాలి.