కొరింథు గోడల వెలుపల: లెకాయోన్, కెంక్రేయ రేవులు

పరిచయం

కొరింథు అనగానే మన ప్రసంగాలలో అఫ్రొదితె దేవాలయం, అందులోని వెయ్యిమంది వేశ్యలు ప్రస్తావనకు వస్తారు. దీనికి ఆధారం భూగోళ రచయిత స్ట్రాబో. అయితే ఆయన మాట క్రీ.పూ. 146లో రోమా సేనాని ముమ్మియస్ నాశనం చేసిన పాత నగరానికి సంబంధించినది. దానిని సైతం పలువురు చరిత్రకారులు సందేహిస్తున్నారు. పౌలు చూసిన కొరింథు, క్రీ.పూ. 44లో జూలియస్ కైసరు రోమా వలసగా తిరిగి స్థాపించిన నగరం. దానిని గ్రహించాలంటే కొండ దిగి రేవులకు వెళ్లాలి.

రెండు రేవులు

నగరానికి ఉత్తరాన సుమారు 3 కిలోమీటర్ల దూరంలో లెకాయోన్ ఉంది. ఇటలీ ఓడలు ఇక్కడికి వచ్చేవి. ఇసుక తీరాన్ని తవ్వి దీని లోపలి రేవును నిర్మించారు. 2013 నుండి డెన్మార్క్, గ్రీసు పరిశోధకులు నీటి అడుగున జరిపిన తవ్వకాలలో రేవు గోడల చెక్క పునాదులు బయటపడ్డాయి.

తూర్పున, ఆసియా వైపు తెరుచుకున్నది కెంక్రేయ. స్ట్రాబో లెక్కలో ఇది 70 స్టాడియాల దూరం. భూకంపాల వల్ల ఈ రేవులో కొంత భాగం నేడు నీట మునిగి ఉంది. ఇక్కడ ఐసిస్ దేవతకు గుడి ఉండేదని పౌసానియస్ రాశాడు. పౌలు మొక్కుబడి ఉన్నందున తల వెంట్రుకలు కత్తిరించుకున్నది ఇక్కడే (అపొ. 18:18).

మలేయ అగ్రం చుట్టూ ప్రయాణం ప్రమాదకరం కనుక వర్తకులు ఈ రెండు రేవులను ఆశ్రయించేవారు. ఒక ఒడ్డున దించిన సరుకు భూమార్గాన మరో ఒడ్డుకు చేరాలి. ఈ మోతబరువు కూలీలపై, దాసులపై పడేది. క్రీ.శ. 67లో నీరో కాలువ తవ్వకం మొదలుపెట్టినప్పుడు 6,000 మంది యూదా బందీలను అక్కడికి పంపారని యోసేపస్ చెప్పాడు. ఆ కాలువ పూర్తయింది 1893లోనే.

దారిలోని పేట

కెంక్రేయ నుండి నగరానికి వచ్చే దారిలో సమాధులు, సైప్రస్ చెట్ల తోపు ఉండేవి. ఆ ప్రాంతం పేరు క్రనేయోన్. తరువాతి కాలంలో క్రైస్తవులు అక్కడే ఆలయం కట్టి, తమ మృతులను పాతిపెట్టారు.

ఫీబే పరిచర్య

రేవు ఊరిలో పరదేశులకు ఆశ్రయం అత్యవసరం. 1954లో కొరింథు సమీపంలో దొరికిన ఒక శాసనం, యూనియ థెయొదోర అనే స్త్రీ లుకియ దేశస్థులకు ఇచ్చిన ఆతిథ్యాన్ని ప్రశంసిస్తుంది. ఆమె పౌలు సమకాలికురాలు. కెంక్రేయ సంఘానికి చెందిన ఫీబేను పౌలు "ప్రోస్టాటిస్" అన్నాడు (రోమా 16:2). మన బైబిలులో ఇది "సహాయురాలు". గ్రీకు పదంలో పోషకురాలు, అండగా నిలిచేది అనే భావం ఉంది. రోమా పత్రికను తీసుకువెళ్లింది ఆమేనని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం.

ముగింపు

ప్రభువు బల్లయొద్ద కొందరు ఆకలితో ఉండగా మరికొందరు ముందే తినేవారు (1 కొరింథీ 11:21). ఆలస్యంగా వచ్చినవారిలో పొద్దుగూకే వరకు బరువులు మోసినవారు ఉండి ఉండవచ్చు. ఇది ఊహే అయినా నగర పరిస్థితికి సరిపోతుంది. కొరింథీ పత్రికను బోధించే కాపరి వేశ్యల కథతో ఆగిపోతే, "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని ఉండుడి" అన్న హెచ్చరిక తన సంఘంలోని కూలీ గురించేనని గుర్తించలేడు.